ప్లాంటు సంగతి తర్వాత, ముందు మట్టి సంగతి చూడండి: ఒక ఫీడ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 12, 2023

కొత్త జాబ్ నంబర్ వచ్చింది. కాకినాడకి దక్షిణంగా, సముద్రం ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా 85 ఎకరాలు, అందులో అమ్మోనియా నిల్వ టెర్మినల్, పక్కనే ఆ అమ్మోనియాని వాడుకునే యూనిట్. క్లయింటు పేరూ ఊరి పేరూ రాయను, అడగొద్దు. నేను ప్రాసెస్ వాణ్ణి, హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని గీసేవాణ్ణి, ఈసారి మాత్రం ఇంజినీరింగ్ మేనేజర్ కుర్చీలో కూడా నన్నే కూర్చోబెట్టారు కాబట్టి సివిల్, ఎలక్ట్రికల్, పైపింగ్ అందరి తలనొప్పులూ నావే.

ఫీడ్ (ఫ్రంట్ ఎండ్ ఇంజినీరింగ్ డిజైన్) అంటే తెలియనివాళ్లకి ఒక ముక్క. ప్లాంటు కట్టాలా వద్దా అని కంపెనీ బోర్డు ఖరారు చేసే ముందు, ఏం కడతాం, ఎంత సైజు, ఎక్కడ పెడతాం, ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అన్నవి కాగితం మీద తేల్చే దశ. డిజైన్ బేసిస్, ప్రాసెస్ ఫ్లో డయాగ్రాములు, పి అండ్ ఐడీలు (పైపులూ వాల్వులూ మీటర్లూ చూపే బొమ్మలు), ఎక్విప్‌మెంట్ లిస్టు, ప్లాట్ ప్లాన్ (సైటులో ఏది ఎక్కడో చూపేది), కరెంటు సింగిల్ లైన్ డయాగ్రాము, చివర్లో ఎస్టిమేటు. క్లయింటు అడిగింది కాస్ట్ ఇంజినీర్ల సంఘం ఏఏసీఈ లెక్కలో క్లాస్ 3, అంటే అసలు ఖర్చు మనం చెప్పినదానికన్నా 10 నుంచి 30 శాతం దాకా పైకి పోవచ్చు, 10 నుంచి 20 దాకా కిందకి రావచ్చు. అంతకుముందు వేరే వాళ్లు చేసిన క్లాస్ 4 (ఇంకా ముతక లెక్క) రిపోర్టు మాకు చేతికిచ్చారు, అందులో సైట్ డెవలప్‌మెంట్ అని ఒకటే లైను, మొత్తం ఖర్చులో ఇన్ని శాతం అని. ఆ లైను ఇన్ని నెలలు నన్ను తింటుందని ఆరోజు తెలీదు.

జూన్ 23

డిజైన్ బేసిస్ రెవిజన్ ఏ పంపాం. 61 ప్రశ్నలు పోయాయి క్లయింటుకి, 14 జవాబులొచ్చాయి.

ట్యాంకు సైజు మాత్రం తేలింది, ఇది నాకిష్టమైన లెక్క. ఓడ ఒక్కసారికి తెచ్చేది 15,000 టన్నులు. యూనిట్ రోజుకి 300 టన్నులు తాగుతుంది. ఓడ ఆలస్యమైతే 15 రోజులు ఆగగలగాలి అన్నారు, అంటే 4,500. అడుగున పంపు లాగలేని సరుకు ఇంకో 500. మొత్తం 20,000 టన్నులు. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మామూలు ఒత్తిడిలోనే ద్రవంగా ఉంటుంది, క్యూబిక్ మీటరుకి 682 కిలోలు, అంటే 29,300 క్యూబిక్ మీటర్లు చిల్లర. 40 మీటర్ల వ్యాసం పెడితే ద్రవం ఎత్తు 23 మీటర్లు దాటుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక్క అమ్మోనియా బరువే 16 టన్నులు, ట్యాంకూ స్లాబూ కాకుండా.

ఈ అంకె చూసి మా సివిల్ లీడ్ "బోర్‌లాగులు వచ్చాయా" అన్నాడు, అంటే నేలలోకి రంధ్రాలు వేసి ఏ లోతులో ఏ మట్టి ఉందో రాసే రిపోర్టులు. రాలేదు. "వచ్చాక మాట్లాడదాం" అని టీకి వెళ్లిపోయాడు.

జూలై 5

సైటు విజిట్. నిన్న రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి పొద్దున్నే దిగాం. వాన. చుట్టూ నాట్లు పడుతున్నాయి, మా 85 ఎకరాలు మాత్రం రెండేళ్లుగా బీడు, తుంగ మొలిచిపోయింది.

చేతిలో క్లయింటు ఇచ్చిన కాంటూర్ డ్రాయింగు (నేల ఎత్తుపల్లాలు చూపేది) ఉంది. అందులో సగటు నేల మట్టం 2.84 మీటర్లు. పూర్తయ్యాక సైటు మట్టం 3.2 అని పాత రిపోర్టు. అంటే 36 సెంటీమీటర్లు మెరక చేస్తే చాలు, 85 ఎకరాల మీద 1.24 లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి. బానే ఉంది అనిపించింది కాగితం మీద.

పడమటి గట్టు పక్కనుంచి మురుగు కాలవ ఒకటి పోతోంది, డ్రాయింగులో సన్న గీత. నిలబడి చూస్తే గీత కాదు, ఎనిమిది మీటర్ల వెడల్పుంది, ఊరి పొలాల నీళ్లన్నీ అందులోంచే సముద్రం వైపు పోవాలి. అక్కడ గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన మా దగ్గర ఆగాడు. మేం పాతిన సర్వే రాయి చూపించి "ఇక్కడ ఫ్యాక్టరీయా బాబూ" అన్నాడు. ఔనండీ అన్నాం. "తొంభై ఆరు తుఫానుకి ఇక్కడ నడుం లోతు నీళ్లండి బాబూ. మా రామాలయం అరుగెక్కి కూర్చున్నాం, అరుగు మీదకి కూడా వచ్చేసింది, చూస్తారా" అని తనే తీసుకెళ్లాడు. అరుగు గోడ మీద తర్వాతెవరో రంగుతో గీసిన గీత ఉంది, పక్కన తేదీ కూడా, 1996 నవంబరు 6. ఫొటో తీసుకున్నా.

మా క్లయింటు సైటు ఇంజినీరు కుర్రాడు కారెక్కాక "సార్, వీళ్లు ఎప్పుడూ అలాగే అంటారు" అన్నాడు. వాడు పుట్టింది 99లో.

జూలై 15

ఇరిగేషన్ వాళ్ల దగ్గర్నుంచి ఆ కాలవ లాంగిట్యూడినల్ సెక్షన్ (పొడవునా మట్టాలు చూపే డ్రాయింగు) తెచ్చుకున్నాం. మా డ్రైనేజీ కుర్రాడు అది మా కాంటూర్ మీద పెట్టి ప్లాట్ చేస్తే వింతగా వచ్చింది, సైటులో ఓ మూల నేల మీద నిలబడి ఉన్న నీళ్ల మట్టం కాలవ నీటికన్నా ముప్పావు మీటరు పైన. ఆ మూలకీ కాలవకీ మధ్య తూము ఉంది, నీళ్లు అటూ ఇటూ కలిసే ఉన్నాయి, నా కళ్లతో చూశా. కలిసి ఉన్న నీళ్లకి రెండు మట్టాలు ఎక్కడైనా ఉంటాయా.

రెండ్రోజులు తల పట్టుకుని చివరికి క్లయింటు సర్వేయర్‌కి ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. ఆయన గేటు దగ్గర ఒక కల్వర్టు మీద టీబీఎం (ఎత్తులు కొలవడానికి తాత్కాలిక గుర్తు) పెట్టుకుని దానికి తనే ఒక అంకె ఇచ్చుకున్నాడు, అదీ జీపీఎస్ యూనిట్ చూపించిన ఎత్తు నుంచి. సముద్ర మట్టానికి కలపలేదు. డ్రాయింగు మీద మాత్రం "అన్ని మట్టాలూ ఎమ్మెస్సెల్" అని, అంటే సగటు సముద్ర మట్టం నుంచి అని, స్టాంపు. తప్పు ఆయన ఒక్కడిదే అనను, రెండు కంపెనీలు ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టి ముందుకి నెట్టాయి, మూడోవాళ్లం మేమూ నెట్టేవాళ్లమే, కాలవ అడ్డం రాకపోతే.

మళ్లీ సర్వే పెట్టించాం. దగ్గర్లో లాకుల దగ్గర సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పాత జీటీఎస్ బెంచ్‌మార్కు (సముద్ర మట్టం నుంచి ఎత్తు ఖాయంగా తెలిసిన గుర్తు) ఉంది, రాతి మీద చెక్కింది, అక్కడ్నుంచి ఆటో లెవెల్‌తో మోసుకొచ్చారు, వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి క్లోజ్ చేశారు. తేడా 0.74 మీటర్లు. మా సైటు సగటు 2.84 కాదు, 2.10. (మీ సైటుకి బెంచ్‌మార్కు దొరక్కపోతే ఊరికే ఓ సరదా చెక్, దగ్గర్లో రైల్వే స్టేషన్ పసుప్పచ్చ బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. డిజైన్‌కి వాడకండి, కానీ మీటరు తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.)

పనిలో పనిగా రామాలయం గీత కూడా తీయించా. 3.40.

జూలై 28

మట్టి లెక్కలు. వారమంతా ఇవే.

క్లయింటు చెప్పిన 3.2 దగ్గరే ఉంచినా ఇప్పుడు 1.1 మీటరు పోయాలి, 1.24 లక్షలు కాస్తా 3.78 లక్షలైంది. కానీ 3.2 దగ్గర ఉంచలేం కదా, గీతే 3.40 ఉంది. దాని మీద అర మీటరు ఫ్రీబోర్డు (నీటి మట్టం మీద అదనంగా వదిలే ఎత్తు) వేస్తే 3.9. మొత్తం 85 ఎకరాలు 3.9కి లేపితే 6.19 లక్షల క్యూబిక్ మీటర్లు. పాత రిపోర్టుకి ఐదు రెట్లు.

కాల్‌లో క్లయింటు ప్రాజెక్టు హెడ్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఒక గుడి గోడ మీద గీత చూసి ఇన్ని కోట్లు పెట్టమంటారా" అన్నారు. ఆయన అడగడంలో తప్పేం లేదు, నేనైనా అడుగుతా. అందుకని ఇరిగేషన్ రికార్డులో ఆ కాలవకున్న గరిష్ఠ వరద మట్టం కూడా పెట్టాం, అది 2.9. మరి రెండింటికీ అర మీటరు తేడా ఎందుకంటే వాళ్ల గేజి ఎగువన లాకుల దగ్గర ఉంది, వాన నీరు కొలుస్తుంది, మనకి ఆరోజు వచ్చింది ఎగువ వరద ఒక్కటే కాదు, ఎదురుగా సముద్రం పొంగి కాలవలోంచి వెనక్కి తన్నింది. గేజి కొలిచేది వేరు, గుడి గోడ కొలిచింది వేరు. స్టార్మ్ సర్జ్ స్టడీ (తుఫానుకి సముద్రం ఎంత పొంగుతుందో తేల్చేది) ఒకటి విడిగా చేయించుకోమని రాతపూర్వకంగా పంపా. అది వచ్చే దాకా 3.9.

ఇక్కడే ఇంకో గొడవ. మొత్తం సైటు లేపేస్తే ఇన్నాళ్లూ మా బీడు నేలలో నిలబడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊళ్లోకి. ఇది ఎస్టిమేటులో ఏ లైనులోనూ లేదు.

ఆగస్టు 19

బోర్‌లాగులు వచ్చాయి. వానల్లో రిగ్గు రెండుసార్లు దిగబడింది, ట్రాక్టర్లు పెట్టి లాగారట.

పైన మీటరున్నర గట్టి పొర, దాని కింద తొమ్మిది మీటర్లు మెత్తటి బంకమట్టి, ఎస్‌పీటీ ఎన్ విలువ (రాడ్డు దిగడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పట్టాయన్న లెక్క) 2, 3. ఒకచోట సుత్తి కొట్టకుండానే రాడ్ల బరువుకే దిగిపోయింది. తర్వాత ఇసుక, 24 మీటర్ల దగ్గర్నుంచి గట్టి నేల. మా సివిల్ లీడ్ ఆశ్చర్యపోలేదు, "డెల్టా అంతే" అన్నాడు.

ట్యాంకు పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) మీదే, అందులో చర్చ లేదు. అదీగాక అమ్మోనియా ట్యాంకుని నేల మీద ఊరికే కూర్చోబెట్టకూడదు, మైనస్ 33 చలి నెమ్మదిగా మట్టిలోకి దిగి అందులో నీరు గడ్డకట్టి ఉబ్బి అడుగుని పైకి తన్నుతుంది. అందుకని కింద హీటింగ్ కాయిల్స్ పెడతారు, లేదా స్లాబుని పొట్టి స్తంభాల మీద లేపి కింద గాలి ఆడనిస్తారు. పైల్స్ ఎలాగూ ఉన్నాయి కాబట్టి రెండోదే తీసుకున్నాం, కరెంటు ఖర్చు లేదు, హీటరు కాలిపోయిందన్న బెంగ లేదు.

నాకు కొత్తగా తెలిసింది వేరే. మనం పోసే మట్టే ఒక బరువు. 1.8 మీటర్ల మెరక అంటే చదరపు మీటరుకి మూడు టన్నుల పైన, దానికే ఆ బంక 350 మిల్లీమీటర్లు కుంగుతుందని జియోటెక్ వాళ్ల లెక్క. అంటే 3.9 రావాలంటే 4.25 దాకా పోయాలి. వదిలేస్తే ఆ కుంగడం ఏళ్ల తరబడి సాగుతుంది, బంకలోంచి నీళ్లు బయటికి తెచ్చే నిలువు డ్రెయిన్లు గుచ్చితే ఐదు నెలల్లో చాలావరకు అయిపోతుంది. తొందరపడి కుంగడం అవ్వకముందే పైల్స్ దించామా, చుట్టూ దిగుతున్న మట్టి పైల్‌ని పట్టుకుని కిందకి లాగుతుంది, మోయాల్సిన పైలే మట్టిని వేలాడదీసిన గుంజ అవుతుంది. కాబట్టి వరస ఇది: మట్టి, డ్రెయిన్లు, ఆగడం, అప్పుడు పైల్స్. క్లయింటు షెడ్యూలులో సైట్ గ్రేడింగుకి (నేల మెరకా చదునూ) ఇచ్చింది నాలుగు నెలలు.

సెప్టెంబరు 11

ప్లాట్ ప్లాన్ రెవిజన్ డి. ఇదే నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో నచ్చిన రోజు.

అందరం ఇన్నాళ్లూ సైటంతా ఒకే మట్టం అనుకుని కొట్టుకున్నాం. పైపింగ్ లేఅవుట్ చేసే అమ్మాయి, సర్వీసు మూడేళ్లే, "సార్ గ్రీన్ బెల్టుని ఎందుకు లేపుతున్నాం" అంది. నిజమే కదా. మా సైటుకి పర్యావరణ అనుమతి కోసం 33 శాతం పచ్చదనానికి వదలాలి, అంటే 28 ఎకరాలు. చెట్లకి 3.9 ఎందుకు. అది ఉన్న మట్టంలోనే వదిలేసి కాలవ వైపుకి జరిపాం, వరదొస్తే నీళ్లు అక్కడ నిలబడతాయి, ఊళ్లోకి పోయేది తగ్గుతుంది. నీళ్లలో నిలబడగలిగే చెట్లు ఏంటో చూడాలి, అది వేరే లిస్టు.

మిగిలిన 57 ఎకరాల్లో ట్యాంకు, ప్రాసెస్, సబ్‌స్టేషన్, కంట్రోల్ రూమ్, ఫైర్ వాటర్ పంపులు ఇవి 22 ఎకరాల్లోకి సర్దాం, వీటికి 3.9. వర్క్‌షాపు, గోడౌన్, పార్కింగ్, లారీల యార్డు, రోడ్లు 35 ఎకరాలు, వీటికి 3.4 చాలు, ముప్పై ఏళ్లకోసారి పాదాలు తడిస్తే తడవనీ. లెక్కేస్తే 22 ఎకరాలకి 1.60 లక్షలు, 35 ఎకరాలకి 1.84 లక్షలు, మొత్తం 3.44 లక్షల క్యూబిక్ మీటర్లు. తక్కువ మట్టం 3.2కి సైటంతా లేపితే అయ్యే 3.78 కన్నా కూడా ఇది తక్కువ! కుంగేదానికి ఇంకో 65 వేలు కలపాలనుకోండి, అది అన్నిట్లోనూ ఉంటుంది.

ట్యాంకు మాత్రం తూర్పు వైపుకి పోయింది, మొదట పడమట ఉండేది, కాలవ అవతలే ఊరు. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి అటు ఊరివైపే వీస్తుంది. అమ్మోనియా గాలికన్నా తేలిక అని పుస్తకంలో చదువుకుంటాం, కానీ చల్లగా కారినప్పుడు గాలిలో తేమతో కలిసి పొగమంచులా నేలబారునే పాకుతుంది. 300 పీపీఎం దాటితే మనిషికి ప్రాణాపాయం కింద లెక్క, ఆ గీత ఊరి దాకా పోతుందా లేదా అన్నదే డిస్పర్షన్ స్టడీలో (కారిన గ్యాస్ ఎంత దూరం పాకుతుందో తేల్చే లెక్క) మొదట చూసే బొమ్మ. 2020 మే 7 తెల్లారుజాము విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి గ్యాస్ లీకై వెంకటాపురం రోడ్ల మీద జనం పడిపోయిన దృశ్యాలు చూశాక ఆంధ్రాలో ఏ ప్లాట్ ప్లాన్ మీటింగులోనూ "ఊరు ఎంత దూరం" అనే ప్రశ్న చివర్లో రాకూడదు, మొదట్లోనే రావాలి. ట్యాంకు అటు జరపడం వల్ల పైపులు మోసే పైప్‌రాక్ 180 మీటర్లు పెరిగింది. పెరగనీ.

సెప్టెంబరు 29

హజిడ్ (ప్రమాదాలు ఎక్కడ పొంచి ఉన్నాయో ముందే వెతికే మీటింగు) మూడు రోజులు. 118 పాయింట్లు. వాటిలో కనీసం 40 "సైట్ ప్రొసీజర్ ఉండాలి" అనే రకం, ఎవరూ చదవరు. పనికొచ్చినవి రెండు: వరదొచ్చి రోడ్డు మునిగితే షిఫ్టు మనుషులు ఎలా మారతారు, డీజిల్ జనరేటరు మట్టం ఎంత. జనరేటరు పాత డ్రాయింగులో 3.4 యార్డులో ఉంది. పైకి తెచ్చాం. ట్యాంకులో ఆవిరయ్యే అమ్మోనియాని లాగే బాయిల్‌ఆఫ్ కంప్రెసరు ఆగితే ట్యాంకులో ఒత్తిడి పెరుగుతూ పోతుంది, తుఫాను రాత్రి గ్రిడ్ పోయాక ఆ కంప్రెసరుని నడిపేది ఆ జనరేటరే.

తుఫాను అంటే గాలి కూడా. అక్కడ బేసిక్ విండ్ స్పీడ్, అంటే డిజైన్‌కి మొదట తీసుకునే గాలి వేగం, సెకనుకి 50 మీటర్లు. 2015లో మారిన ఐఎస్ 875 (కట్టడాల మీద బరువుల భారత ప్రమాణం) మూడో భాగంలో తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు కట్టే పరిశ్రమలకి 1.15 గుణకం ఒకటి పెట్టారు. 15 శాతమే కదా అనుకుంటారు, అది వేగం మీద, ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి కాబట్టి 32 శాతం. పాత రిపోర్టు స్టీలు టన్నేజీలో ఇది లేదు. ఎస్టిమేటర్ మొహం చూడలేకపోయా.

అక్టోబరు 21

షెడ్యూలు. 4.1 లక్షల క్యూబిక్ మీటర్లు గట్టిపడ్డాక లెక్క, టిప్పర్లో వదులుగా 20 శాతం ఎక్కువ, టిప్పరుకి పది క్యూబిక్ మీటర్లు వేసుకుంటే 49 వేల ట్రిప్పులు. రోజుకి 200 పోసినా 245 రోజులు, వానాకాలం పోగా. ఆ టిప్పర్లు పోయే రోడ్డు సింగిల్ రోడ్డు, మధ్యలో ఒక హైస్కూలు. అందుకని మొదట 22 ఎకరాలే, అదీ ట్యాంకు కింద ముందు, వానలు తగ్గాక మొదలెట్టి మే లోపు. ఆ రోడ్డు మీద బడి వేళల్లో టిప్పర్లు ఆపాలని కాంట్రాక్టు షరతులోనే రాశాం.

విచిత్రం ఏంటంటే కంప్రెసర్లకి వెండర్లు 12 నెలలు అడుగుతున్నారు, అందరూ లాంగ్ లీడ్ ఐటమ్ (రావడానికి ఎక్కువ కాలం పట్టే సరుకు) అంటే వాటినే చూస్తారు. మా ప్రాజెక్టులో అసలు లాంగ్ లీడ్ ఐటమ్ మెరకకి పోసే గ్రావెల్.

ఇంకోటి, ట్యాంకు హైడ్రోటెస్టుకి (నీళ్లు నింపి చూసే పరీక్ష) మా స్పెక్ ప్రకారం సరుకు బరువుకి ఒకటింపావు నీళ్లు, అంటే 25,000 టన్నులు, మంచినీళ్లు. వేసవిలో ఎక్కడ తెస్తారు, పరీక్షయ్యాక ఎక్కడ వదులుతారు? ఫైర్ వాటర్ పాండ్ సైజు దీన్నిబట్టి మార్చాం. ఇలాంటివి కన్‌స్ట్రక్షన్‌లో గుర్తొస్తే ట్యాంకు మూడు నెలలు ఖాళీగా నిలబడుతుంది, ఒకచోట చూశా.

నవంబరు 18

ఎస్టిమేటు పోయింది. క్లాస్ 3. అంకె రాయకూడదు. పాత రిపోర్టు కన్నా 17 శాతం ఎక్కువ, అందులో సగం దాకా మట్టీ పైల్సూ స్టీలూనే, ప్రాసెస్ పరికరాలు దాదాపు కదల్లేదు. నేను ఐదు నెలలు గీసిన పి అండ్ ఐడీలు అంకెని కదిలించలేదు, 0.74 కదిలించింది. ప్రాసెస్ ఇంజినీరుగా కొంచెం చిన్నతనంగానే ఉంది.

గేట్ రివ్యూ (ప్రాజెక్టు ముందుకెళ్లాలా వద్దా అని తేల్చే మీటింగు) డిసెంబరు 14.

డిసెంబరు 7

మిచౌంగ్ తుఫాను మొన్న 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇటు కూడా బాగా కురిసింది. సైటు కుర్రాడు, అదే 99 వాడు, రెయిన్‌కోటు వేసుకుని మోకాళ్ల లోతు నీళ్లలో లెవెల్ కొలిచే కర్ర పట్టుకుని వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఎవరూ చెప్పకుండానే. నీటి మట్టం 2.62.

గంటలో క్లయింటు నుంచి మెయిలు: తుఫానుకి కూడా 2.62 వచ్చింది కాబట్టి 3.9ని 3.3కి తగ్గించవచ్చేమో రివ్యూకి ముందు పరిశీలించగలరు.

ఆ కుర్రాడికే ఫోన్ చేశా. "బాపట్ల ఎక్కడ సార్, మనమెక్కడ" అన్నాడు. తర్వాత తనే "ఆ పెద్దాయన కనిపించారు సార్, ఇది తుఫాను కాదు, ముసురు అన్నారు" అని నవ్వాడు. జవాబులో ముసురు సంగతి రాయలేను కాబట్టి తీరం దాటిన చోటు నుంచి సైటుకి దూరం, ఆరోజు మా కాలవ ముఖం దగ్గర ఆటుపోట్ల టైము, రామాలయం గీత ఫొటో, మూడూ పెట్టి ఒక పేజీ నోట్ తయారుచేస్తున్నా. సర్జ్ స్టడీ వర్క్ ఆర్డరు ఇంకా క్లయింటు పర్చేజ్ డిపార్టుమెంటులోనే ఉంది, జూలై నుంచి.